ఈకల కిరీటం

ఆ వేసవిలో మా కోడలు వెస్టాని ఆసుపత్రి డ్యూటీకి వేశారు. ఏడాది నర్సు చదువులో అప్పటిదాకా బల్లల ముందు కూర్చుని పాఠాలు వినడం, ప్లాస్టిక్ బొమ్మకు స్నానం చేయించడం అయ్యాయి. ఇక మిగిలిన వేసవంతా నిజం మనుషులు, నిజం మంచాలు. బస్సు దిగి మా లోయ దారిన నడిచొచ్చి, వరండాలో నా పక్కన చతికిలబడి, బూట్లు విప్పుకుంటూ ఆ మాట చెప్పింది.

"ఏ ఆసుపత్రి?" అన్నాను, తెలిసే.

"మనకున్నది ఒక్కటేగా అత్తా."

"ఏ వార్డు?"

నా ఒళ్ళోంచి గుప్పెడు చిక్కుడుకాయలు తీసుకుని, ఎండబెట్టడానికి నాతోపాటు దారానికి గుచ్చడం మొదలెట్టింది. నాకర్థమైంది. బర్ల్ పోయిన వార్డు.

బర్ల్ నా కొడుకు. ఒక్కగానొక్కడు. గనిలో పైకప్పు రాయి మీద పడితే బయటికి తీసి ఆ ఆసుపత్రిలో చేర్చారు. కిటికీ పక్క మంచం మీద కొన్నాళ్ళు ప్రాణం బిగబట్టుకుని ఉన్నాడు, ఆ తర్వాత పోయాడు. ఆసుపత్రి తలగడ మీద వాడికి నిద్రపట్టదని ఇంటినుంచి వాడి తలగడ నేనే పంపాను. వాడికీ వెస్టాకీ పెళ్ళైనప్పుడు నా చేత్తో కుట్టిన జతలో అదొకటి. లోపలంతా మా బూడిదరంగు పెద్దబాతుల ఈకలు. వాడు పోయాక ఒక కాగితం సంచిలో బూట్లు, బెల్టు, గనికి పట్టుకెళ్ళే సద్ది డబ్బా పెట్టి ఇచ్చారు. తలగడ ఇవ్వలేదు. అడిగితే, రోగి వాడిన ఇంటి పక్కబట్టలు కాల్చేస్తాం, అది పద్ధతి అన్నారు.

మా కొండల్లో మనిషి పోతే ముందు అతని తలగడ విప్పి చూస్తాం. మంచి చోటికి చేరినవాళ్ళ తలగడలో ఈకలు వాటంతటవే ఒకదాన్నొకటి చుట్టుకుని కిరీటం కట్టి ఉంటాయి. అరచేతిలో ఇమిడేంతే ఉంటుంది, గట్టిగా, ఒక్క ఈక కాడ కూడా బయటికి కనబడకుండా. మా అమ్మ తలగడలో దొరికింది. ఊపిరితిత్తుల నిండా బొగ్గుదుమ్ముతో పోయిన మా ఆయన తలగడలోనూ దొరికింది. ఆ రెండూ అద్దాల పెట్టెలో నా మంచం పక్కనే ఉంటాయి. ఎవర్నీ ముట్టుకోనివ్వను.

దొరకని ఇళ్ళూ ఉన్నాయి. వాళ్ళు ఆ సంగతి ఎత్తరు, మనమూ అడగం. నాది అదీ కాదు, నాకు వెతుక్కునే వీలే లేకుండా చేశారు. బర్ల్ ఏట్లో దిగి బాప్తిస్మం తీసుకోలేదు. మావాళ్ళు తల నెరిస్తే గానీ ఆ నీళ్ళలోకి దిగరు. అడిగినప్పుడల్లా "ఇంకా టైముందిలేవే అమ్మా" అనేవాడు. శనివారాలు తాగేవాడు కూడా. అంచేత వాడెక్కడున్నాడో నాకు తెలియదు. కన్న తల్లికి ఆ ఒక్కటీ తెలియకపోతే ఇంకేం తెలిసినా ఒకటే.

దానికితోడు ఇంకొకటి. పొద్దువాలే వేళ, పగటి షిఫ్టు దిగి వాడు ఇంటికొచ్చే టైముకి, వరండా మెట్టు మీద సద్ది డబ్బా పెట్టిన చప్పుడయ్యేది. రేకు చెక్కకు తగిలిన చప్పుడు. వెళ్ళి చూస్తే ఏమీ ఉండేది కాదు, డబ్బా వంటింట్లో మేకుకు వేలాడుతూనే ఉండేది. వెస్టాకి ఎప్పుడూ వినబడలేదు. నాకు భయం వేసేది కాదు. లోపలికి రాలేక, పోవాల్సిన చోటికి పోలేక వాడక్కడే నిలబడిపోయాడనుకునేదాన్ని.

"చదువుకుంటే చదువుకో," అన్నాను ఆ సాయంత్రం. "కానీ ఆ తలగడ ఏమైందో కనుక్కో. నిజంగా కాల్చారో, ఏ మూల పడేశారో. అది తేల్చకుండా నువ్వు లైసెన్సు తెచ్చి గోడకి తగిలించినా నాకేం ఆనందం లేదు."

"కనుక్కుంటాలే అత్తా," అంది వెస్టా, కాయల మీంచి కళ్ళెత్తకుండా.

మనిషి మంచం మీద ఉండగానే దుప్పటి మార్చడం ఒక విద్య. దానికి పరీక్ష కూడా ఉందట. ఇంట్లో పడుకోబెట్టడానికి నేను తప్ప దిక్కులేదు. వెస్టా సాయంత్రం వచ్చి, చేతులు కడుక్కుని, గొంతు మార్చి నన్ను పేరుపెట్టి పిలిచేది.

"డెల్ఫియాగారూ, ఇప్పుడు మిమ్మల్ని కిటికీ వైపు తిప్పుతున్నాను. ఇబ్బందేమైనా ఉంటే చెప్పండి."

"ఉంది. పొయ్యి మీద గింజలు మాడుతున్నాయి."

"రోగులు అట్లా మాట్లాడరత్తా."

"ఇప్పటిదాకా నువ్వు చూసింది బొమ్మనేగా. రోగులు ఇంకా ఘోరంగా మాట్లాడతారు."

నవ్వింది. ఒక చెయ్యి భుజం కింద, ఒకటి తుంటి కింద పెట్టి, నా బరువు నాకే తెలియనట్టు తిప్పింది. దుప్పటి అంచు లాగి మూల మడిచి బిగించింది. కిటికీ వైపు తిరిగి పడుకున్న నాకు బర్ల్ మంచం గుర్తొచ్చింది.

"వాణ్ణీ ఇలాగే తిప్పుంటారా?"

వెస్టా చేతులు నా వీపు మీదే ఆగాయి. "తిప్పే ఉంటారు," అంది. ఆ రోజుకి రెండోవైపు దుప్పటి మార్చలేదు.

తలగడ సంగతి రోజూ అడిగేదాన్ని. పెద్ద నర్సు సెలవులో ఉందనేది. ఇవాళ కుదర్లేదనేది. చివరికి జూలై ఎండల్లో ఒకనాడు, మజ్జిగలో మొక్కజొన్న రొట్టె నలుపుకుంటూ, మెల్లిగా చెప్పేసింది.

"నేలమాళిగలో చెత్త కాల్చే బట్టీ ఉందత్తా. మూట కట్టింది కట్టినట్టే అందులో వేసేస్తారు. విప్పి చూడరు. బర్ల్‌దీ అంతే అయ్యుంటుంది."

తిండి సయించడం మానేసింది నాకు. సాయంత్రం చప్పుడయ్యేసరికి వరండాలోకి పరిగెత్తి "నువ్వేనా నాయనా, ఎక్కడికెళ్ళావు?" అని అడుగుతూ కూర్చునేదాన్ని. రెండు మూడుసార్లు పొద్దున్నే బొగ్గు రైలు పట్టాల వెంట నడిచి వెళ్ళిపోయానట. నాకు సరిగ్గా గుర్తులేదు. ఎవరో పట్టుకుని ఇంటికి తెచ్చారు. అలా జరిగినప్పుడల్లా వెస్టా స్కూలు మానుకుని ఇంట్లో కాపలా కూర్చుంది.

ఒక పొద్దున, వెస్టా బస్సెక్కాక, చర్చికి వేసుకునే గౌను వేసుకుని పక్కింటి ఎల్జీ ట్రక్కులో ఎక్కి కూర్చున్నాను.

"ఎక్కడికి పెద్దమ్మా?"

"ఆసుపత్రికి."

"ఒంట్లో బాలేదా?"

"ముందు బండి తియ్యరా."

ఆ వార్డుకి దారి నేనెవర్నీ అడగక్కర్లేదు. కిటికీ పక్క మంచం మీద ఒక ముసలాయన పడుకుని ఉన్నాడు. కళ్ళు మూతపడి ఉన్నాయి, నోరు తెరిచి ఉంది. తల కింద ఇంటి తలగడ, పూల గలేబు. అయినవాళ్ళెవరూ పక్కన లేరు. ఎంతసేపు చూసినా ఛాతీ కదలలేదు. పోయాడనే అనుకున్నాను. ఇంకాసేపట్లో వీళ్ళొచ్చి దీన్నీ మూటకట్టి కాల్చేస్తారు, ఈయన భార్య కూడా నాలాగే జన్మంతా ఏడుస్తుందనుకున్నాను. ఆయన తల ఎత్తి తలగడ లాగేశాను. గలేబు మీంచే వేళ్ళతో మూలమూలా నొక్కి చూస్తున్నాను.

"ఇంకా పోలేదమ్మా నేను," అన్నాడు ముసలాయన, కళ్ళు తెరవకుండానే.

తలగడ గుండెకి అదుముకుని నిలబడ్డాను.

"ఏమన్నా తగిలిందా?" అన్నాడు. ఆయనా మా కొండల మనిషే. బతికుండగానే కిరీటం కట్టేసిందంటే ఇక ఎన్నాళ్ళో ఉండరు.

"లేదు బాబూ. వట్టి ఈకలే."

"హమ్మయ్య. అయితే నా తల కింద పెట్టు తల్లీ, మెడ పట్టేస్తోంది."

నీలం చారల గౌనులో వెస్టా పరిగెత్తుకొచ్చింది. నా చేతుల్లోంచి తలగడ తీసుకుని, ఒక చేత్తో ఆయన మెడ ఎత్తి, రెండో చేత్తో సర్దింది. వెస్టా వెనకే వాళ్ళ టీచరు ప్రూయిట్. తెల్ల టోపీ, గుండ్రటి కళ్ళద్దాలు. మమ్మల్నిద్దర్నీ బయటికి తీసుకెళ్ళింది.

"ఈవిడేనా మీ అత్తగారు?"

"అవునండి."

"చూడు వెస్టా, ఈవిడ కోసం సెలవులన్నీ అయిపోయాయి నీకు. ఇంకొక్క రోజు తప్పినా పేరు కొట్టెయ్యాల్సి వస్తుంది. మళ్ళీ మొదట్నుంచి చదవాలి. నాకు నీ మీద కోపమేం లేదు. రూలు నేను పెట్టింది కాదు." తర్వాత నావైపు తిరిగింది. "అమ్మా, ఈ బ్యాచిలో చెయ్యి వాటం కుదిరిన పిల్ల మీ కోడలే. దాన్ని చెడగొట్టకండి."

సాయంత్రం ఇద్దరం ఇంటికొచ్చాం. వరండా ఎక్కగానే నేనే అందుకున్నాను.

"మానెయ్యవే ఆ దిక్కుమాలిన చదువు. వృద్ధాశ్రమంలో ఆయాపని ఉండనే ఉంది, ఆరువారాలు నేర్పితే చాలట."

"ఆయాపనైతే జన్మంతా బెడ్‌పాన్లు మోస్తూ, సూది ఎవరు వేస్తారా అని గుమ్మం వైపు చూస్తూ కూర్చోవాలి."

"పోనీ లెక్సింగ్టన్ పట్నం వెళ్ళి పెద్ద నర్సు చదువే చదువు. ఏడాదిలో నర్సులేంటే? పంది తొడ ఉప్పులో ఊరడానికే ఏడాది పడుతుంది, మనిషి ఊరొద్దూ?"

"మూడేళ్ళు హాస్టల్లో ఉండాలక్కడ. ఒక్క పూట వదిలితేనే రైలు పట్టాల మీద తేలావు. మూడేళ్ళు నిన్నెవరి మీద వదలను?" గొంతు పెరిగింది దానికి. మా ఇంటికొచ్చాక మొదటిసారి. "బర్ల్ పక్కన కూర్చున్నన్నాళ్ళూ నాకేమీ చేతకాలేదత్తా. దాహమని సైగ చేస్తే నీళ్ళు పట్టొచ్చో లేదో కూడా తెలీదు. నర్సొచ్చేదాకా ఆ గ్లాసు పట్టుకుని అలాగే కూర్చున్నాను. ఇంకెప్పుడూ అట్లా కూర్చోను. నాకు ఆయాపనీ వద్దు, లెక్సింగ్టనూ వద్దు. నాకు దొరికింది ఈ ఒక్క దారి."

ఆ గ్లాసు సంగతి నాకెప్పుడూ చెప్పలేదు. నేనేమైనా అనేలోపే వరండా మెట్టు మీద డబ్బా పెట్టిన చప్పుడైంది. నేను అటు తిరిగాను. వెస్టా నన్ను చూసింది, ఖాళీ మెట్టును చూసింది, కూలబడిపోయింది.

"నువ్విలా ఉంటే నేను మానెయ్యక తప్పదు," అంది. "రేపు వెళ్ళి చెప్పేస్తాను."

వద్దే, వెళ్ళవే అనాలని నోటిదాకా వచ్చింది. అనలేకపోయాను. మెట్టు మీద వాడున్నాడు.

మర్నాడు వెళ్ళి ఏం చెప్పిందో తెలియదు గానీ, మానలేదు. పగలు నన్ను ఎల్జీ భార్యకి అప్పగించి వెళ్ళేది. సాయంత్రాలు తన గది తలుపేసుకునేది. "మందుల మోతాదు లెక్కలత్తా, పలకరించకు" అనేది. ఆగస్టంతా అలాగే గడిచింది. కళ్ళ కింద నలుపు పడింది దానికి. చదువు పిల్లని తినేస్తోందనుకున్నాను.

ఒక శనివారం మధ్యాహ్నం, కాఫీపొడి డబ్బా ఒకటి పట్టుకుని నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"అత్తా, కూర్చో. కంగారు పడకు. లాండ్రీలో ట్రెస్సీ అని ఒకావిడుంది, మన కొండలావిడే. బట్టీలోకి పంపేముందు ఈక తలగడలు చాటుగా విప్పి చూస్తుందట. దొరికిన కిరీటాలు పారెయ్యలేక దాచిపెట్టిందట. బర్ల్ పేరు చెబితే గుర్తుపట్టి తీసిచ్చింది."

మూత తీశాను. దూది మీద పెట్టి ఉంది. బూడిదరంగు. అరచేతిలోకి తీసుకున్నాను. గట్టిగా, గుండ్రంగా, మొదలూ తుదీ తెలియకుండా. ఆ ఈకలు నావే, ఏడాదికోసారి ఒళ్ళో పెట్టుకుని నేను పీకిన బాతులవే. ఏ చీకట్లోనైనా గుర్తుపడతాను వాటిని.

"మా బాతులేనే," అన్నాను. అంతే, ఏడుపు వచ్చేసింది. వాడు పోయిన రోజున రాని ఏడుపు. వెస్టా నా మొహం వంకే చూస్తూ నిలబడింది. కాసేపటికి కింద కూర్చుని, నా మోకాళ్ళ మీద తల పెట్టుకుని అదీ ఏడ్చింది.

ఆ సాయంత్రం మెట్టు మీద చప్పుడు కాలేదు. మర్నాడూ కాలేదు.

నేను మళ్ళీ మనిషినయ్యాను. రెండు పూటలా తిన్నాను. గుచ్చి ఎండేసిన చిక్కుడుకాయలు దింపి ఉడకేశాను. కిరీటాన్ని అద్దాల పెట్టెలో మా అమ్మదీ మా ఆయనదీ మధ్య పెట్టి, వచ్చినవాళ్ళందరికీ చూపించాను. సాయంత్రాలు వెస్టా పుస్తకం నా చేతికిచ్చేది, నేను అక్షరం అక్షరం కూడబలుక్కుని ప్రశ్నలడిగేదాన్ని. ఒక్క రోజు కూడా స్కూలు తప్పలేదది. చదువు పూర్తయింది. చదువు ముగించినవాళ్ళ తలకి నర్సు టోపీ పెట్టే పండగ సెప్టెంబర్ చివర్లో అన్నారు. ఆ పైన రాష్ట్రం పరీక్ష, అది గట్టెక్కితే లైసెన్సు.

మాకో మర్యాద ఉంది. మేలు చేసినవాళ్ళ గడపకి ఉత్తచేతులతో వెళ్ళం, వెళ్ళకుండా అసలే ఉండం. ఆపిల్ పళ్ళు దిగగానే పెరట్లో రాగి కాగు పెట్టి, పొద్దుట్నుంచి కలియబెట్టి, తీపి ముద్ద వండి సీసాలకెత్తాను. పండగ రోజున వెస్టా ముందే వెళ్ళిపోయింది. నేను ఒక సీసా గుడ్డలో చుట్టుకుని, ఎల్జీతో ట్రక్కు ఆసుపత్రి వెనకవైపు ఆపమన్నాను.

లాండ్రీ గదినిండా ఆవిరి. ట్రెస్సీ నిజంగానే ఉంది. ఎర్రటి మొహం, మోచేతులదాకా తడి.

"నేను వెస్టా అత్తగార్ని. బర్ల్ వాళ్ళమ్మని. నువ్వు చేసిన మేలుకి ఈ సీసా ఎంత, ఏదో..."

"నేనేం చేశానండి?" అంది, ఆపేక్షగానే.

"అదే, నా కొడుకు తలగడ విప్పి..."

"నేనా? అమ్మో!" చేతులు తుడుచుకుంది. "మూటలు కట్టేసి వస్తాయమ్మా, మమ్మల్ని విప్పనివ్వరు. విప్పమన్నా విప్పను, నాకు భయం. మీ కోడలు మాత్రం మంచి పిల్లండి, భోజనాల టైంలో కిందికొచ్చి నాతో కబుర్లాడేది. మా అమ్మ కిరీటం మా ఇంట్లో ఉందంటే, ఒక్కసారి తెచ్చి చూపించమని బతిమాలింది. తను చేత్తో ముట్టుకుని ఎప్పుడూ చూళ్ళేదంట. తెచ్చా. రోజూ భోజనం మానేసి దాన్నే తిప్పి తిప్పి చూసేది, వేళ్ళతో తడిమేది. ఏంటే పిల్లా, మింగేస్తావా అన్నాను."

ఆవిరి మధ్య నిలబడ్డాను.

"ఇంతకీ మేలేంటి పెద్దమ్మా?" అంది ట్రెస్సీ.

"అదేనమ్మా," అన్నాను. "మా పిల్లకి తోడుగా ఉన్నావుగా. అందుకని." సీసా ఆమె చేతుల్లో పెట్టాను.

పైన హాల్లో వెస్టా తలమీద టోపీ పెట్టారు. అందరితోపాటు చప్పట్లు కొట్టాను. ప్రూయిట్ టీచరు నా దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుని ఊపింది.

మర్నాడు వెస్టా పరీక్షకి డబ్బు కట్టడానికి పట్నం వెళ్ళింది. నేను అద్దాల పెట్టె తెరిచి మూడు కిరీటాలూ ఒళ్ళో పెట్టుకున్నాను. మా అమ్మదాంట్లో, మా ఆయనదాంట్లో ఈకలు కుడివైపుకి చుట్టు తిరిగి ఉన్నాయి. నేను చూసిన కిరీటాలన్నీ అంతే. మూడోది ఎడమకి తిరిగింది. మా ఇంట్లో ఎడమచేతి వాటం వెస్టాది ఒక్కదానిదే. దాని గదిలోకి వెళ్ళి తలగడ ఎత్తి చూశాను. పెళ్ళికి నేను కుట్టిన జతలో మిగిలిన రెండోది. సగానికి సగం చిక్కిపోయి ఉంది. ఒక్కొక్క ఈకా తీసి, నలిగినవి పారేసి, కుదరక విప్పి మళ్ళీ కట్టి, ఆగస్టంతా మూసిన తలుపు వెనక ఆ పిల్ల చేసిన పని అదన్నమాట. కోపం కోసం వెతుక్కున్నాను. రాలేదు. అంత ఓపిక నా కొడుకు మీద నాకుందా అనిపించింది.

ఆ సాయంత్రం వరండాలో కూర్చుని ఎదురుచూశాను. అబద్ధమని తెలిసిపోయింది కదా, వాడు తిరిగొస్తాడనుకున్నాను. పొద్దువాలింది. కొండ మీంచి నీడ దిగి మెట్టు మీద పడింది. చప్పుడు లేదు. మర్నాడూ కూర్చున్నాను, ఆ మర్నాడూ. వాడు మంచి చోటికి చేరి రావడంలేదో, ఇంట్లో తన చోటు ఆ దొంగ కిరీటానికి ఇచ్చేశామని రావడంలేదో నాకు చెప్పేవాళ్ళెవరు? ఆ చప్పుడు నన్ను చంపుకు తిన్నన్నాళ్ళు అది వాడే అన్న నమ్మకమైనా ఉండేది. ఇప్పుడు అదీ లేదు. నాకు మొదటిసారి భయం వేసింది.

వెస్టాని ఏమీ అడగలేదు. కిరీటాన్ని దాని చోటులోనే ఉంచాను. పరీక్ష రాసింది, గట్టెక్కింది. లైసెన్సు వచ్చిన రోజు ఎల్జీ ఇంటికీ చర్చికీ మిఠాయి పంచొచ్చాను. వెస్టా ఇంటికి రాగానే తెల్ల గౌను విప్పకుండానే నా పక్కన కూర్చుంది.

"లైసెన్సున్న నర్సు చేతికి మొదటి రోగివి నువ్వేనత్తా. చెయ్యి ఇలా ఇవ్వు."

మణికట్టు పట్టుకుని, గడియారం వంక చూస్తూ పెదాలు కదపకుండా నాడి లెక్కపెట్టడం మొదలెట్టింది. దాని వేళ్ళు వెచ్చగా ఉన్నాయి.

"అమ్మాయ్," అన్నాను. "నేను పోయాక నా తలగడ నువ్వే విప్పాలి."

"ఇప్పుడా మాటలేంటి? లెక్క తప్పుతుంది."

"విను. ఏమైనా దొరికితే సరే. దొరక్కపోతే దొరకలేదనే చెప్పు అందరికీ. నాకోసం కళ్ళు పోగొట్టుకోకు."

వెస్టా తలెత్తలేదు. మెడ దగ్గర ఎర్రబడింది. నా మణికట్టు మీద దాని వేళ్ళు చల్లగా అయిపోవడం తెలుస్తూనే ఉంది. వదల్లేదు మాత్రం. "లెక్క తప్పిందత్తా," అంది. మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టడం మొదలెట్టింది.